నాయిన అడిగిన ప్రశ్న

మాది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. మొన్న నాట్లప్పుడు ట్రాక్టరు గేరు విరిగింది. కామారెడ్డిలో దొరకలేదు. నాయిన హైదరాబాదు పోయి తెచ్చేసరికి నాలుగు దినాలు. దమ్ము చేసిన మడి ఎండింది. "సైన్సు చదువుతున్నవ్ గదా, గిది ఎట్ల చేస్తరో ఎరుకేనా?" అన్నాడు. తల వంచుకున్నాను.

తరువాత చదివి తెలుసుకున్నాను. కాలిన ఉక్కును గేరు ముద్దగా ఒత్తే అచ్చును సి.ఎన్.సి. మిల్లింగు యంత్రం చెక్కుతుంది. దానికిచ్చే ఆజ్ఞలు ఎక్స్, వై, జడ్ నిరూపకాలే, మనం బట్టీపట్టేవే! కట్టరు అతివేగంగా తిరుగుతూ పలుచగా కోస్తే, వేడిలో అధికభాగం ఉక్కు తురుముతోనే పోతుంది. ఇదీ మన ఫిజిక్సే.

మిత్రులారా! బాలానగర్‌లో 1968లో వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఈ విద్యే నేర్పుతోంది. మన విహారయాత్ర బస్సును ఒక్కసారి అటు మళ్లించమని యూనియన్‌కు మనవి. ఈసారి నాయిన అడిగితే తలెత్తి చెప్పాలి.