గెలిచే పట్టు వేరు... నేర్పే పట్టు వేరు

- మేటి మల్లులంతా మేటి గురువులు కాగలరా?
- ఉమ్మడి వరంగల్ పల్లెల్లో కరవైంది తొలి పాఠం చెప్పేవారే

జనగామ: సంక్రాంతి సెలవులు వచ్చాయంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో కబడ్డీ బరులు వెలుస్తాయి. ఫ్లడ్‌లైట్ల వెలుగులో అర్ధరాత్రి దాకా పోటీలు సాగుతాయి. బహుమతుల ప్రదానానికి వచ్చే నాయకులు ఏటా దాదాపు ఒకే హామీ ఇస్తుంటారు. దేశం తరఫున ఆడిన పేరున్న క్రీడాకారుణ్ని ఇక్కడికి శిక్షకుడిగా రప్పిస్తామని, ఆపై మన పిల్లలకూ పతకాలు ఖాయమని వారి మాటల సారాంశం. సభికులు చప్పట్లు కొడతారు. బరి గీతలు చెరిగేలోగా ఆ హామీ కూడా చెరిగిపోతుంది. అది వేరే సంగతి. ఆ హామీ వెనుక ఉన్న నమ్మకం మాత్రం పరిశీలించదగినది. గొప్పగా ఆడినవారు గొప్పగా నేర్పగలరా?

ఈ ప్రశ్నకు కుస్తీని మించిన గీటురాయి లేదు. క్రికెట్‌లో శిక్షకుడు గట్టున నిలబడి చెప్పవచ్చు. కుస్తీలో అది కుదరదు. ఉస్తాద్ స్వయంగా గోదాలోకి దిగి, శిష్యుడి మెడ మీద చేయి వేసి, పట్టు ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఒంటికి ఒళ్లు తగిలించి చూపాలి. తెలంగాణలోని పాత తాలీంఖానాల్లో విద్య అలాగే ఒకరి నుంచి ఒకరికి అందింది. అందువల్ల మేటి పహిల్వానే మేటి ఉస్తాద్ అవుతాడని జనం నమ్మడం సహజం.

అమెరికా అనుభవం ఈ నమ్మకాన్ని కొంత బలపరుస్తుంది. అక్కడ కుస్తీకి విశ్వవిద్యాలయాలే పుట్టిల్లు. డాన్ గేబుల్ పాఠశాల, కళాశాల రోజుల్లో 181 కుస్తీలు గెలిచి, 1970లో కళాశాల జీవితపు చివరి పోరులో ఓడిపోయారు. రెండేళ్ల తర్వాత మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచారు. 1976 నుంచి 1997 వరకు అయోవా విశ్వవిద్యాలయ జట్టుకు ప్రధాన శిక్షకుడిగా ఉండి 15 జాతీయ టైటిళ్లు సాధించిపెట్టారు. ఓడినవాడికే ఓటమి కారణం తెలుస్తుందని, కనుక వాడే మంచి గురువవుతాడని మన పెద్దలు చెబుతుంటారు. గేబుల్‌ను చూస్తే నిజమేననిపిస్తుంది. కానీ కేల్ సాండర్సన్ ఆ సూత్రానికి అడ్డం తిరుగుతారు. కళాశాల స్థాయిలో ఆడిన 159 కుస్తీల్లో ఆయన ఒక్కటీ ఓడలేదు. 2004లో ఏథెన్స్ స్వర్ణం కూడా ఆయనదే. 2009లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ శిక్షకుడిగా చేరిన ఆయన 2011 నుంచి 2025 వరకు ఆ జట్టుకు 12 జాతీయ టైటిళ్లు అందించారు.

ఓడినవారూ, ఓడనివారూ ఇద్దరూ రాణించినప్పుడు అసలు కారణం మరోచోట వెతకాలి. గేబుల్ ఒలింపిక్ స్వర్ణంతో వచ్చిన తర్వాత కూడా నాలుగేళ్లు అయోవాలో సహాయ శిక్షకుడిగానే పనిచేశారు. సాండర్సన్ కూడా తాను చదివిన అయోవా స్టేట్‌లో ముందు తన గురువు వద్ద సహాయకుడిగానే చేరారు. ఆడటం ఆపిన నాడే వారికి నేర్పడం నేర్చుకునే ఉద్యోగం దొరికింది. అది ఇచ్చింది విశ్వవిద్యాలయం. నెలనెలా జీతం, సొంత గోదా, ఏటా కొత్త విద్యార్థులు. ఈ వెసులుబాటు లేకుంటే ఆ పతకాలు గోడకు వేలాడే అలంకారాలుగానే మిగిలేవేమో.

ఇక్కడ మరో జాగ్రత్త అవసరం. శిక్షకులుగా నెగ్గిన ఛాంపియన్ల పేర్లే మనకు గుర్తుంటాయి. నెగ్గనివారిని ఎవరూ లెక్కించరు. 1983లో ప్రపంచకప్ తెచ్చిన కపిల్‌దేవ్ 1999లో భారత క్రికెట్ జట్టు శిక్షకుడయ్యారు. ఆయన హయాంలో జట్టు ఆస్ట్రేలియాలో మూడు టెస్టులూ, స్వదేశంలో దక్షిణాఫ్రికాతో రెండు టెస్టులూ ఓడింది. 2000లో ఆయన పదవి వీడారు. తర్వాత వచ్చిన న్యూజిలాండ్‌కు చెందిన జాన్ రైట్ ఆటగాడిగా కపిల్‌కు ఏ విధంగానూ సాటి రారు. అయినా ఆయన శిక్షణలోనే జట్టు 2003 ప్రపంచకప్ ఫైనల్ చేరింది.

మాస్టర్‌గా మిగిలిన మల్లుడు

మన దేశపు కుస్తీలో ఈ చర్చకు బాగా పనికొచ్చే పేరు చందగీరామ్. హర్యానాలోని సిసాయి గ్రామానికి చెందిన ఆయన 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచారు. పహిల్వాన్‌గా పేరు రాకముందు బడిపంతులుగా పనిచేశారు. అందుకే ఎంత పేరు వచ్చినా జనం నోట ‘మాస్టర్’ చందగీరామ్‌గానే మిగిలారు. ఢిల్లీలో అఖాడా నెలకొల్పి, ఆడపిల్లలు గోదాలో దిగడమేమిటని నలుగురూ ముక్కున వేలేసుకునే రోజుల్లో సొంత కుమార్తెలతోనే ఆ ఆచారాన్ని బద్దలు కొట్టారు. ఆయన శిష్యుడే మహావీర్ ఫోగట్. అంతర్జాతీయ పతకాలేవీ లేని మహావీర్ తన ఊళ్లో కుమార్తెలకు కుస్తీ నేర్పితే, 2010 కామన్‌వెల్త్ క్రీడల్లో గీత స్వర్ణం గెలిచింది. మహావీర్‌కు 2016లో ద్రోణాచార్య పురస్కారం దక్కింది. ఛాంపియన్ అయిన గురువు, ఛాంపియన్ కాని శిష్యుడు, మళ్లీ ఛాంపియన్ అయిన మనవరాలి వంటి శిష్యురాలు. ఈ వరుసలో తెగకుండా వచ్చింది పతకం కాదు, బోధన.

1982 ఢిల్లీ ఆసియాడ్ స్వర్ణ విజేత సత్‌పాల్ సంగతీ ఇంతే. ఛత్రసాల్ స్టేడియంలో ఆయన వద్ద పద్నాలుగేళ్ల వయసులో చేరిన సుశీల్‌కుమార్ 2008లో కాంస్యం, 2012లో రజతం తెచ్చాడు. అదే గోదా నుంచి టోక్యోలో రవి దహియా, పారిస్‌లో అమన్ సెహ్రావత్ పతకాలు గెలిచారు. ఉస్తాద్ ఒకే చోట దశాబ్దాలు పాతుకుపోవడమే దీనికి మూలం.

మన తెలుగువారిలో మొదట గుర్తొచ్చేది కోడి రామ్మూర్తి నాయుడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆ మల్లయోధుడు తర్వాత సర్కస్ బాట పట్టారు. కండబలానికి బడి ఇచ్చే జీతం కన్నా డేరా ఇచ్చే రాబడి ఎక్కువన్నది వందేళ్ల కిందటి నుంచీ ఉన్న లెక్కే.

ఒక క్రీడాకారిణికి ఇద్దరు గురువులు

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఆమెకు ఊళ్లో బరువు ఎత్తడం నేర్పినది నీలంశెట్టి అప్పన్న. జాతీయ శిబిరంలో మెరుగులు దిద్దినది బెలారస్‌కు చెందిన లియోనిద్ తారానెంకో. ఈయన 1980 మాస్కో ఒలింపిక్స్ విజేత, 1988లో 266 కిలోలు ఎత్తి ప్రపంచాన్ని నివ్వెరపరచిన యోధుడు. తారానెంకో ఊసవానిపేట వచ్చి ఓనమాలు దిద్దించేవారు కాదు. అప్పన్న ఒక్కరే ఆమెను సిడ్నీ పతకం దాకా తీసుకువెళ్లేవారూ కాదేమో. మేటి ఆటగాడి అనుభవం చివరి మెట్టుపై అక్కరకు వస్తుంది. తొలి మెట్టుపై కావలసింది ఊళ్లో ఉండే మనిషి. మన నాయకులు వేదికలపై ఈ రెండు మెట్లనూ కలిపేస్తున్నారు.

పుల్లెల గోపీచంద్‌ను చూడలేదా అని కొందరు అడగవచ్చు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ఆయన శిక్షణలో సైనా 2012లో, సింధు 2016లో ఒలింపిక్ పతకాలు తెచ్చారు. కానీ ఆ టైటిలే ఆయనను గురువును చేయలేదు. గాయాలతో, మోకాలి శస్త్రచికిత్సలతో తన ఒంటిని తానే మళ్లీ మొదటి నుంచి నడిపించుకున్న ఆటగాడాయన. సులువుగా వచ్చిన విద్యను విడమరచి చెప్పడం కష్టం. కూడబలుక్కుని నేర్చినదాన్ని చెప్పవచ్చు. 2003లో గచ్చిబౌలిలో ప్రభుత్వం ఐదెకరాలు కేటాయించినా, ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయం తీసుకుని అకాడమీ తెరిచేసరికి 2008 వచ్చింది. ఆయనకే అన్నేళ్లు పట్టింది. మరోవైపు సైనా 2014లో బెంగళూరు వెళ్లి విమల్‌కుమార్ వద్ద చేరి, మరుసటి ఏడాది ప్రపంచ నంబర్‌వన్ అయ్యారు. విమల్ జాతీయ ఛాంపియనే గానీ ఆల్ ఇంగ్లండ్ విజేత కారు.

అంతకు ముందు తరంలో హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ స్థాయి మళ్లీ రాలేదు.

సులువుగా వచ్చిన విద్య విషయంలో ఈ విలేకరికి ఒక చిన్న జ్ఞాపకం. డిగ్రీ రోజుల్లో మా కళాశాల కబడ్డీ జట్టులో ఒక రైడర్ ఉండేవాడు. నలుగురు చుట్టుముట్టినా గీత దాటి వచ్చేవాడు. ఎలా తప్పించుకున్నావని అడిగితే నవ్వి, ‘‘అట్ల అయిపోతదంతే’’ అనేవాడు. అబద్ధం కాదు. అతనికి నిజంగానే అట్లా అయిపోయేది. జూనియర్లకు ఆట నేర్పినది మాత్రం ఎప్పుడూ బెంచీ మీదే ఉండిపోయిన మరో కుర్రాడు. రైడర్ కాలు ఎటు కదిలిందో కూర్చుని చూసి చెప్పగలిగింది వాడొక్కడే.

కల్లెడ చెప్పే సంగతి

దూరం పోనవసరం లేదు. మహబూబాబాద్ జిల్లాను ఆనుకుని ఉన్న వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామమే ఉంది. ఆ ఊరి వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విల్లు పట్టింది. అదే ఊరి జీవాంజి దీప్తి 2024 మే నెలలో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. హైదరాబాద్‌లో ఆమెను తీర్చిదిద్దినది ద్రోణాచార్య గ్రహీత నాగపురి రమేశ్. గోపీచంద్ వైపు నుంచీ చేయూత అందింది. అయితే ఆమె పరుగును మొదట గమనించినది బడి మైదానంలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆయన ఆ ఉదయం సెలవులో ఉంటేనో, ఆ పోస్టు ఖాళీగా ఉంటేనో, కూలి కుటుంబంలోని ఆ పిల్ల పరుగు కల్లెడ దాటేది కాదు.

మూడు జిల్లాల్లోని అసలు సమస్య ఇదే. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు ఏర్పాటు చేశారు. చాలాచోట్ల బోర్డు ఉంది, రెండు స్తంభాలున్నాయి, నేర్పేవారు లేరు. 2024 డిసెంబరులో సీఎం కప్ పోటీలు గ్రామస్థాయి నుంచి జరిపారు. పోటీ ప్రతిభను బయటపెడుతుంది, శిక్షణ ఇవ్వదు. కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ మండలాల పిల్లలకైనా, మహదేవపూర్, కాటారం పిల్లలకైనా సరైన సింథటిక్ మ్యాట్ చూడాలంటే హనుమకొండ దారి పట్టాల్సిందే. కాళేశ్వరం నుంచి అది వంద కిలోమీటర్ల పైచిలుకు.

మట్టి గోదాలో నేర్చిన పట్టు మ్యాట్ మీద యథాతథంగా పనిచేయదు. తొమ్మిది మీటర్ల వలయంలో, మూడేసి నిమిషాల రెండు భాగాల్లో, పది పాయింట్ల ఆధిక్యం రాగానే ముగిసే ఆట అది. బరువు లెక్కలు మరీ కఠినం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ చేరిన వినేశ్ ఫోగట్ 100 గ్రాములు అధికంగా తూగి అనర్హురాలైంది. కండ ఉన్న పాత పహిల్వాన్ ఈ కాలపు శిక్షకుడు కావాలంటే తానూ మళ్లీ బడికి వెళ్లాలి.

ఆ బడి తలుపే మన క్రీడాకారులకు మూసుకుపోతోంది. పటియాలాలో 1961లో నెలకొల్పిన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమాకు డిగ్రీ కావాలి. బడిలో డ్రిల్లు సారు కావాలంటే పీఈసెట్ రాసి డీపీఈడీ లేదా బీపీఈడీ పూర్తి చేయాలి. కాకతీయ విశ్వవిద్యాలయం తరఫున ఆడే కుర్రాడు ఏడాదిలో సగం శిబిరాల్లో, ప్రయాణాల్లో గడుపుతాడు. సబ్జెక్టులు మిగిలిపోతాయి. డిగ్రీ చేతికి రాకముందే ఆట వయసు దాటిపోతుంది. ఆపై ధ్రువపత్రాల కవరు పట్టుకుని పోలీసు నియామకాలకో, సింగరేణి ఆశలకో తిరుగుతాడు. గేబుల్‌కు దొరికిన సహాయ శిక్షకుడి కుర్చీ వంటిది ఇక్కడ లేదు. తాత్కాలిక పద్ధతిలో అవకాశం దొరికినా, వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని కొలువుతో పదేళ్ల ప్రణాళిక వేయడం ఎవరికీ సాధ్యం కాదు.

గిరిజన ప్రాంతాల్లోని కేంద్ర గురుకులాలకు ఏకలవ్యుడి పేరు పెట్టారు. గురువు లేకుండా నేర్చుకుని, చివరకు బొటనవేలు పోగొట్టుకున్న శిష్యుడి పేరది. పేరు పెట్టినవారు ఆ రెండో సగం ఆలోచించారో లేదో!

చేయదగిన పని పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. విశ్వవిద్యాలయ జట్లకు ఆడి డిగ్రీ మధ్యలో ఆగిన యువతకు దాన్ని పూర్తి చేసే వెసులుబాటు ఇవ్వాలి. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుకైనా పటియాలా సంస్థకు పంపాలి. తిరిగి వచ్చాక ఒక్కొక్కరినీ ఒక్కో ఉన్నత పాఠశాలలో డ్రిల్లు సారు పక్కన కనీసం మూడేళ్లు జీతంపై సహాయకుడిగా ఉంచాలి. నేర్పగలిగేవారు ఎవరో ఆ మూడేళ్లలో తేలిపోతుంది. జిల్లా ఛాంపియన్ తేలకపోవచ్చు, బెంచీ మీది కుర్రాడు తేలవచ్చు.

వచ్చే సంక్రాంతికి పాలకుర్తిలోనో, తొర్రూరులోనో, రేగొండలోనో వేదికపై మళ్లీ అదే హామీ వినిపిస్తుంది. చప్పట్లకు ముందు సభికులు అడగవలసినవి మూడు ప్రశ్నలు. వచ్చే శిక్షకుడు ఏడాదిలో ఎన్ని రోజులు ఊళ్లో ఉంటాడు? ఆయన జీతం ఏ పద్దు కింద వస్తుంది? పొద్దున ఆరింటికి మైదానం గేటు తాళం ఎవరు తీస్తారు?