ఇంధన పీడనం: ముందు కొలత, తర్వాతే మెమో

బండికి పికప్ లేదని డ్రైవరు వ్రాసి ఇస్తాడు. మరునాడు అదే బండి, అదే ఫిర్యాదు. నెలాఖరుకు కె.ఎం.పి.ఎల్. పడిపోయిందని డ్రైవరుకొక మెమో, మరమ్మతు సరిగా చేయలేదని మెకానిక్కుకొక మెమో అందుతాయి. ఇంజనులో ఇంధన పీడనం ఎంత ఉన్నదో కొలిచి వ్రాసిన కాగితం మాత్రం ఫైలులో ఉండదు. మా వద్దకు వచ్చే ఇలాంటి కేసులలో మేము మొదట అడిగేది ఆ కాగితాన్నే.

డీజిలు ఇంజనులో పీడనం రెండు అంచెలుగా ఉంటుంది. ట్యాంకు నుండి ఫీడ్ పంపు డీజిలును లాగి, ఫిల్టర్ల గుండా హైప్రెషర్ పంపుకు అందించేంతవరకు అల్పపీడన భాగం. ఇక్కడ పీడనం కొద్ది బార్లు మాత్రమే. ఫిల్టరు పూడినా, నీరు చేరినా, జాయింటు గాలి పీల్చినా బండి ఎత్తు ఎక్కలేక మూలుగుతుంది. ఈ భాగాన్ని మామూలు గేజీతో పరీక్షించవచ్చు. ఈ పరీక్ష చేయకుండానే నాజిళ్లు విప్పించే అధికారులను మేము చాలామందిని చూచాము.

అసలు ప్రమాదం రెండవ అంచెలో ఉన్నది. పాత ఇన్‌లైన్ పంపు ఇంజనులలో నాజిల్ సుమారు 200 బార్ల వద్ద తెరుచుకొనేది. గొట్టంలో పీడనం అంతకు మించినా అది క్షణమాత్రమే. కామన్ రైలు ఇంజనులో పీడనం 1600 బార్లకు, కొన్నింటిలో 2000కు పైగా చేరుతుంది. ఇంజను తిరుగుతున్నంతసేపు రైలులో నిలిచే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చిన తర్వాత కొత్త డీజిలు బస్సులలో ఇదే మామూలైంది.

ఏ సిలిండరు మిస్సవుతున్నదో తెలుసుకొనేందుకు, ఇంజను తిరుగుతుండగా ఒక్కొక్క గొట్టం నట్టు వదులు చేసి చూడడం గ్యారేజీలలో గురువు నుండి శిష్యునికి వచ్చిన విద్య. పాత ఇంజను మీద అది పనికివచ్చింది. కామన్ రైలు మీద అదే పని చేస్తే సన్నని డీజిలు ధార తొడుగును, చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులా కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసివేయవలసి వస్తుంది. డ్రెస్సింగు చేయించుకొని డ్యూటీకి రావడం కాదు, డీజిలు లోపలికి దూరిందని చెప్పి వెంటనే శస్త్రవైద్యుని వద్దకు చేర్చాలి. లీకును చేతితో వెదకరాదు. ఇంజను ఆపిన తర్వాత కూడా మాన్యువల్ చెప్పినంత సమయం ఆగనిదే గొట్టం ముట్టరాదు. ఈ పీడనాన్ని చూపేది స్కానరే: కంప్యూటరు కోరిన పీడనమెంత, రైలులో ఉన్నదెంత, ఈ రెండు అంకెలు ప్రక్కప్రక్కన కనిపిస్తాయి. స్కానరును పిల్లల ఆటవస్తువని నవ్వే సీనియర్లు మనలోనూ ఉన్నారు. వారి వేళ్లు కూడా మాకు ముఖ్యమే.

అయితే ఆ స్కానరు ఎక్కడ? చాలాచోట్ల బీరువాలో, తాళం వేసి! దాని శిక్షణ ఇద్దరు ముగ్గురికి మించి అందదు. కార్మికులకు అవసరమైన సమాచారం, శిక్షణ కల్పించడం యాజమాన్యం బాధ్యతేనని 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 7ఎ సెక్షను స్పష్టంగా చెప్పింది. ఆ సూత్రం డిపో గ్యారేజీకి వర్తించదనడానికి కారణమేమీ మాకు కనపడదు.

ప్రతి షిఫ్టుకు గేజీ, స్కానరు, వాటిని వాడగల శిక్షణ ఉన్న మనిషి ఉండాలని డిమాండు చేస్తున్నాము. అంతవరకు, ఇంధన ఖర్చుపై మెమో అందుకొన్న ప్రతి సభ్యుడు తన జవాబులో ఆ బండి పీడనం రీడింగు, తేదీతో సహా, నకలు కోరాలి. జవాబు ప్రతిని డిపో కార్యదర్శికి ఇవ్వాలి.