చిరునామా మారితే దారి చూపడమే ధర్మం

స్తోత్రపుటల చిరునామా మార్చే నిర్వాహకులకు కలిగే సందేహం ఒకటే: 301 రీడైరెక్ట్ పెట్టాలా, కెనానికల్ ట్యాగ్ చాలునా? రెండూ సమానమనుకోవడం భ్రమ.

పాత ద్వారానికి వచ్చిన భక్తుణ్ణి తక్షణం కొత్త ద్వారానికి చేర్చేది రీడైరెక్ట్. శాశ్వతమైన మార్పుకు 301. బాలాలయం వలె తాత్కాలికమైతే 302. 2009లో వచ్చిన కెనానికల్ ట్యాగ్ స్వభావం వేరు. మూలవిరాట్టు, ఉత్సవమూర్తి ఉభయులూ ఉండగా ప్రధానమెవరో తెలిపినట్లు, ఒకే పాఠం పలు చిరునామాలలో ఉన్నప్పుడు ముఖ్యమైనదేదో అది శోధనయంత్రానికి చెబుతుంది. అది సూచనే గాని శాసనం కాదు, పాఠకుణ్ణి కదిలించదు. పాతపుటను తొలగిస్తే ట్యాగ్ కూడా దానితోనే నశిస్తుంది.

కనుక రెండు పుటలూ నిలవవలసి ఉంటేనే కెనానికల్. చిరునామా మారితే 301. దానిని కనీసం ఒక సంవత్సరం ఉంచమని గూగుల్ సూచిస్తుంది. తీసివేయకపోవడమే శ్రేయస్కరమని నా అభిప్రాయం. ప్రతి పాతపుటనూ దానికి తగిన కొత్తపుటకే చేర్చండి. అన్నిటినీ ముఖపుటకు పంపితే వెతుకులాట తప్పదు. ఏనాడో లంకె దాచుకున్న వృద్ధురాలు పారాయణ వేళ 404 చూసి వెనుదిరగరాదు.