రక్తహీనత ప్రణాళికల్లో కులం లెక్క ఏది?

2025 నాటికి 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనతను సగానికి తగ్గిస్తామని 2012లో ప్రపంచ ఆరోగ్య సభ లక్ష్యం పెట్టుకుంది. అది నెరవేరలేదు. గడువును 2030కి జరిపారు. ప్రపంచంలో ఇప్పటికీ ప్రతి ముగ్గురు మహిళల్లో దాదాపు ఒకరికి రక్తం తక్కువే.

మన దేశం వెనక్కి నడిచింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో 53 శాతం మహిళలకు రక్తహీనత ఉంటే, 2019-21 నాటికి అది 57 శాతానికి పెరిగింది. తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అదే సర్వేలో ఎస్సీ మహిళల్లో సుమారు 59, ఎస్టీ మహిళల్లో దాదాపు 65 శాతం. సగటు అంకె ఈ తేడాను మింగేస్తుంది.

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ ఆరు వర్గాలను ఎంచుకుంది: పసిపిల్లలు, బడి పిల్లలు, కౌమార వయస్కులు, సంతానం కనే వయసు మహిళలు, గర్భిణులు, బాలింతలు. అన్నీ వయసును, కాన్పును బట్టి చేసిన విభజనలే. ఎక్కువ నష్టపోతున్న కులాలకు విడిగా లక్ష్యం లేదు.

రక్తహీనతకు ఐరన్ లోపం ఒక్కటే కారణం కాదని, ఎక్కడ ఏ కారణం ఉందో ముందు తేల్చాలని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కార్యాచరణలో చెప్పింది. ఆ కారణాలను వాడల్లో వెతికితే కులం కనిపిస్తుంది. కొంకిపురుగు వట్టికాళ్ల గుండా ఒంట్లోకి వస్తుంది. మరుగుదొడ్డి లేని వాడలో, చెప్పుల్లేకుండా పొలం పనిచేసే కూలీకే ఆ ముప్పు ఎక్కువ. ఆదివాసీ ప్రాంతాల్లో సికిల్ సెల్, మలేరియా తోడవుతాయి.

తిండి సంగతీ అంతే. ఆకుకూరలు, పప్పుల్లోని ఐరన్ కంటే మాంసంలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. కార్జం, నల్ల, పెద్దమాంసం పేదలకు చవకగా దొరికిన బలం. వాటినే నీచంగా చూశారు. 2012లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడులు జరిగాయి. అది ఆత్మగౌరవ పోరాటమే కాదు, ఆరోగ్య హక్కు కూడా.

మాత్రలు వద్దని మనం అనడం లేదు. కానీ 2019-21 సర్వే ప్రకారం ఐరన్ మాత్రలు 180 రోజులు మింగిన గర్భిణులు 26 శాతమే. ఖాళీ కడుపుతో మింగితే వికారం, ఆపైన మలబద్ధకం. ఇవి చెప్పి, ధైర్యమిచ్చే మనిషి ఇంటికి రావాలి. ఊళ్లో ఆగిపోకుండా వాడ దాకా రావాలి.

ఇప్పుడు కొలతే మారుతోంది. వేలికొన రక్తంతో చేసే పరీక్ష కచ్చితం కాదంటూ, ఆరో కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి రక్తహీనతను తప్పించి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసే వేరే సర్వేకు అప్పగించారు. పరీక్ష మెరుగుపడితే మంచిదే. పాత, కొత్త అంకెలను నేరుగా పోల్చి "తగ్గింది" అని ప్రకటిస్తే మాత్రం మోసమవుతుంది.

అందుకే మనం అడగాల్సినవి మూడు. కొత్త సర్వే ఫలితాలను ఎస్సీ, ఎస్టీ మహిళలకు, పిల్లలకు విడిగా, జిల్లాలవారీగా ప్రచురించాలి. 2030 లక్ష్యంలో ఈ తేడాను తగ్గించడాన్ని కూడా చేర్చాలి. మాత్రలతో పాటు గుడ్డు, మాంసం, మరుగుదొడ్డి, నెలసరి రక్తస్రావానికి వైద్యం వాడకు చేరాయో లేదో గ్రామసభలో లెక్క చెప్పాలి.

లెక్కలో లేని మనుషులు బడ్జెట్‌లోనూ ఉండరు.