సౌదాద్

పోర్చుగీసు భాషయందు 'సౌదాద్' అను పదము కలదు. దూరమైన ఆప్తులనో, విడిచివచ్చిన ఊరినో, మరలిరాని బాల్యమునో తలచుకొన్నప్పుడు మనసును క్రమ్ముకొను భావమునకు అది పేరు. అందు వెలితియు ఉండును, తలపులోని తీపియు ఉండును. ఏకాంతమను అర్థముగల లాటిను పదమునుండి ఇది పుట్టినది.

ఈ మాటను అన్యభాషలలోనికి తెచ్చుట అసాధ్యమని పోర్చుగీసువారిలో పలువురు సగర్వముగా చెప్పుకొందురు. ఈ గర్వము నేటిది కాదు. 1433 మొదలు 1438 వరకు పోర్చుగల్లును ఏలిన దువార్తె రాజు తన గ్రంథమున ఈ భావమును దుఃఖమునుండియు విసుగునుండియు వేరుచేసి చూపి, దీనికి సాటివచ్చు పేరు లాటినులోగాని, తానెరిగిన మరి యే భాషలోగాని లేదని వ్రాసెను. 'తానెరిగిన' అని రాజు హద్దు పెట్టుకొనెను. తరువాతివారు ఆ హద్దును మరచిరి.

సముద్రయానమునకు పోయిన నావికుల ఇండ్లలో ఈ మాట పుట్టినదను ప్రతీతియు నమ్మదగినది కాదు. వాస్కో డ గామా 1498వ సంవత్సరమున కళ్ళికోట చేరుటకు ఆరు దశాబ్దములకు ముందే రాజు దీనిని చర్చించెను. అంతకు పూర్వపు ప్రేమగీతములలోను దీని ప్రాచీనరూపము కానవచ్చును. ఓడలు దీనికి పని మాత్రము పెంచినవి.

వేరొక భాషలో సరిపోవు ఒంటిపదము దొరకనంతమాత్రమున ఆ భావమే అచట లేదనుట తొందరపాటు. తెలుగున 'బెంగ' లేదా? తల్లిమీద బిడ్డకు బెంగ, పుట్టినింటిమీద క్రొత్తకోడలికి బెంగ. అయితే బెంగలో తీపి లేదు, బెంగపెట్టుకొన్నవాడు చిక్కిపోవును. సౌదాద్ గలవాడు దానిని కొంత ముచ్చటపడి దాచుకొనును. ఈ భేదము నిఘంటువుకంటె వాడుకలోనే తేటపడును. పోర్చుగీసువారు జాబు చివర సౌదాదులు పంపుదురు. చిరకాలమునకు కలిసికొన్నప్పుడు సౌదాద్‌ను చంపితిమందురు. తెలుగువారు బెంగ తీర్చుకొందురేగాని దానిని జాబులో ఎవరికిని పంపరు!

ఈ పదము పోర్చుగల్లు సొత్తుగా మాత్రమే నిలువలేదు. ఆఫ్రికా పడమటి తీరమునకు ఆవల నున్న కేప్‌వర్డి దీవులవారు దీనిని 'సొదాద్' అందురు. పోర్చుగీసు పాలనలో తోటపనికై సాంతోమె దీవికి పోయినవారిని తలచు ఆ పేరి పాటను సెజారియా ఎవోరా 1992లో లోకమునకు వినిపించెను. పాలించినవారి మాట పాలితుల గుండెకోతకు పేరైనది.

పోర్చుగీసు ఓడలతో తూర్పునకు వచ్చిన మాటలలో అలమర, పీపా, ఇస్త్రీ, మేస్త్రీ, అనాస తెలుగువారి ఇండ్లలో స్థిరపడినవి. ఇల్లు విడిచివచ్చిన ఆ నావికుల నోట దినదినము మెదలియుండు ఈ మాట మాత్రము ఓడ దిగలేదు.