కోటగోడయు, కెమెరాయు

1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంపిణీవారు జనసమూహము నెదుట ఉరితీసిరి. అంతటితో వారికి తృప్తి కలుగలేదు. ఆయన శిరస్సును కోటకు వ్రేలాడదీసి, 1877 వరకు, అనగా ముప్పది యేండ్లు, వచ్చిపోవువారికి చూపించిరి.

కోటగోడ చేసిన పనినే అమెరికాలో కెమెరా చేసినది. లింకన్ హత్య కేసులో 1865 జూలై 7న వాషింగ్టనులో నలుగురిని ఉరితీసిరి. అనుమతి చీటీ ఉన్నవారినే లోనికి రానిచ్చిరి. అలెగ్జాండర్ గార్డ్‌నర్ తీసిన ఛాయాచిత్రములు మాత్రము లోకమంతయు తిరిగినవి. ఆ నలుగురిలో మేరీ సురాట్ అను స్త్రీ కలదు. ఉరికంబముపై ఆమెకు ఎండ తగులకుండ గొడుగు పట్టిరి. కొన్ని నిమిషములలో ప్రాణము తీయబోవుచు, ఎండ తగులరాదట!

ఆ గొడుగును చిత్రము మనకు చూపుచున్నది, అది చరిత్రకు సాక్ష్యము కదా, అని కొందరందురు. నిజమే. సాక్ష్యము పుస్తకములో నుండవచ్చును. తరగతి గోడకు తగిలింపదగదని మా అభిప్రాయము. నరసింహారెడ్డి శిరస్సు ముప్పది యేండ్లకైనను కోట దిగినది. ఆ నలుగురు నేటికిని ఉరికంబము దిగలేదు.

తిరుత్తణిలో, తిరువళ్ళూరులో తెలుగు చదువుకొను మాకు రెడ్డిగారు వ్రేలాడిన శిరస్సుగా పరిచయము కానక్కరలేదు. రాయలసీమ పల్లెలు ఆయనను పాటలో నిలుపుకొన్నవి.