అడవికి దారి అందరికీ కావాలి

తార్నాక మెట్రోకి లిఫ్టు ఉంది. అదే బ్లూ లైన్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగితే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం దగ్గరే. చక్రాల కుర్చీలో అక్కడిదాకా పోయినవాళ్లు లోపల ఎంత దూరం పోగలరు?

దారి వేస్తే అడవి పాడవుతుందంటారు కొందరు. ఫర్హాబాద్‌లో సఫారీ బండ్లకు పాడవని అడవి చక్రాల కుర్చీకే పాడవుతుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మన గూడేల్ని పీడించే సికిల్ సెల్ కూడా ఉంది. ఆ నొప్పులున్న చెల్లెకు ర్యాంపు ఒక్కటే చాలదు. దారి పొడుగునా నీళ్లు, నీడ, కూర్చోడానికి బెంచీలు కావాలి. ఇది దయ కాదు, హక్కు.

మనకెందుకు అనొద్దు. అడవి మాది అని కొట్లాడే మనం, అందులో నడవలేని మనవాళ్లను వదిలేస్తే ఆ 'మనం' సగమే. క్యాంపస్‌లో తర్వాతి మీటింగులో ఈ డిమాండు కూడా రాద్దాం.